మన అరవై మంది తెలుగు ఎంపీలకు: ఆ ప్రశ్నను ఈసారి ఇంకోలా అడగండి

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది. తెలంగాణ నుంచి లోక్‌సభలో 17 మంది, రాజ్యసభలో ఏడుగురు. అంతా కలిపి అరవై మంది. పార్టీలు వేరు, జెండాలు వేరు. అయినా అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నేను అడగబోయేది మంత్రులకు మీరు రాసి పంపే ప్రశ్నల గురించి, ముఖ్యంగా మిల్లు కార్మికుల్లాంటివాళ్లకు పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్-95 (ఉద్యోగుల పింఛను పథకం) కనీస పింఛను ప్రశ్న గురించి. మొదటిసారి గెలిచినవాళ్లకైనా, ఆరుసార్లు గెలిచినవాళ్లకైనా అక్కడ ఉన్న హక్కు ఒక్కటే. మీలో కేంద్ర మంత్రులుగా ఉన్నవాళ్లు ప్రశ్నలు వేయరు, జవాబులు చెప్తారు. వాళ్లు కూడా దయచేసి చివరిదాకా చదవండి.

నాది చిలకలూరిపేట. హైవే పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లులో 21 ఏళ్లు టైమ్ ఆఫీసు గుమాస్తాగా చేశాను. హాజరు పట్టీ, జీతాల షీటు, పీఎఫ్ చలానా, 58 నిండినవాళ్లకు పింఛను కోసం 10-డి ఫారం నింపడం నా పని. ఆ మిల్లు ఇప్పుడు లేదు. నాకు వచ్చేది కూడా ఈపీఎస్-95 పింఛనే.

పోయిన పార్లమెంటు సమావేశాలప్పుడు ఒక పొద్దున మా వీధి చివర ఉండే అక్క పేపరు పట్టుకుని వచ్చింది. వైండింగ్ సెక్షన్‌లో పదిహేడేళ్లు చేసిన మనిషి. వయసు డెబ్బై. లోపలి పేజీలో, అడుగున, నాలుగు వేళ్ల వెడల్పు వార్త: ఈపీఎస్ కనీస పింఛనుపై ఎంపీ ప్రశ్న, కేంద్ర మంత్రి లిఖితపూర్వక సమాధానం. "తమ్ముడూ, ఢిల్లీలో మన సంగతి అడిగారంట. పెరిగినట్టేనా?" అంది. రెండుసార్లు చదివాను. పెరిగిందనీ లేదు, పెరగదనీ లేదు. "ఇంకా లేదక్కా" అన్నాను. "అడిగారు కదా మరి" అంది. ఆ మాటకు ఏం చెప్పాలో తోచలేదు. అప్పటినుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

ఆ అక్క పాస్‌బుక్ నాకు బాగా తెలుసు. ఆవిడ పింఛను 1,020 రూపాయలు. అది ఎలా వచ్చిందో చెప్తాను, ఎందుకంటే 10-డి నింపింది నేనే. ఆవిడ 1996లో చేరి 2013లో రిటైరైంది. చివరి ఏడాది పీఎఫ్ లెక్కకు పట్టిన జీతం సగటున 4,200. చేతికి వచ్చేది అంతకంటే ఎక్కువే, కానీ మిగతాది అలవెన్సుల కింద రాసేవాళ్లం. మాకు వచ్చిన ఆర్డరు అది. సూత్రం అందరికీ తెలిసిందే: జీతాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగించాలి. 4,200 ఇంటూ 17, బై 70. సరిగ్గా 1,020. ఇరవై ఏళ్లు నిండితే రెండేళ్లు కలిపేవాళ్లు. ఆవిడకు మూడేళ్లు తక్కువైంది.

2014 సెప్టెంబరు 1 నుంచి కనీస పింఛను 1,000 అని కేంద్రం ప్రకటించినప్పుడు మా వీధిలో చాలామంది సంతోషపడ్డారు. 600, 700 వచ్చేవాళ్లకు వెయ్యి అయింది. ఆ అక్కకు మాత్రం ఒక్క రూపాయి పెరగలేదు, అప్పటికే వెయ్యికి ఇరవై ఎక్కువ ఉంది కాబట్టి. ఈ పింఛనుకు కరువు భత్యం లేదు. 2013లో పడిన 1,020 ఇవాళా 1,020 గానే పడుతోంది. పాస్‌బుక్‌లో ప్రింటు కొట్టించిన పేజీలన్నీ ఒకే అంకె. బియ్యం, నూనె, గ్యాస్ బండ ధరలు అప్పుడెంతో ఇప్పుడెంతో నేను చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు ఇచ్చే సామాజిక పింఛను 2024 జూలై నుంచి 4,000 అయింది. అది పెరగడం చాలా మంచిది, ఇంకా పెరగాలి కూడా. కానీ పదిహేడేళ్లు నూలు దుమ్ములో నిలబడి పనిచేసిన మనిషికి అందులో పావు వంతు ఎందుకన్న ప్రశ్న మా వీధిలో ఎవరినీ వదలదు.

ఇక మీ ప్రశ్నల సంగతికి వస్తాను. మా అబ్బాయి పార్లమెంటు వెబ్‌సైట్‌లోంచి ఈపీఎస్ మీద వచ్చిన జవాబులన్నీ ప్రింటు తీసి ఇస్తుంటాడు. ఒక ఫైలు నిండింది. మీరు అడగలేదని నేను అనను. అన్ని పార్టీలవాళ్లూ అడిగారు, మన రాష్ట్రాలవాళ్లూ అడిగారు. అందుకు నిజంగా కృతజ్ఞుణ్ని. కానీ వరసగా చదువుకుంటూ పోతే జవాబు ఒక్కటే. ఈపీఎస్ నిధికి యజమాని జీతంలో 8.33 శాతం కడతారు, కేంద్రం 15,000 పరిమితికి లోబడి 1.16 శాతం కడుతుంది, ఆ నిధిలోంచే పింఛన్లు ఇవ్వాలి, 2019 మార్చి 31 నాటి మదింపు ప్రకారం నిధిలో లోటు ఉంది, అయినా ప్రభుత్వం బడ్జెట్ సాయంతో కనీసం 1,000 ఇస్తోంది. ఇదీ సారాంశం. 2014 నవంబరు నుంచి 2017 సెప్టెంబరు దాకా కార్మిక శాఖ చూసింది మన బండారు దత్తాత్రేయ గారే. తర్వాత సంతోష్ గంగ్వార్ వచ్చారు, భూపేందర్ యాదవ్ వచ్చారు, 2024లో మన్‌సుఖ్ మాండవీయ వచ్చారు. మంత్రులు మారారు, వెయ్యి మారలేదు.

తప్పంతా జవాబు ఇచ్చేవాళ్లదే అనుకునేవాణ్ని. ఫైలు మళ్లీ మొదటినుంచి చదివితే ఇంకో సంగతి కనిపించింది. ప్రశ్నలు కూడా ఒకే మూసలో ఉన్నాయి. కనీస పింఛను పెంచాలని ప్రభుత్వానికి వినతులు వచ్చాయా, వస్తే వాటి వివరాలేమిటి, ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంది, లేకపోతే కారణాలేమిటి. ఇలా అడిగితే కింది అధికారి పాత జవాబు తీసి తేదీ మార్చి పంపడానికి ఏ అడ్డంకీ లేదు. వినతులు వచ్చాయి, నిజమే. చర్యలు తీసుకున్నాం, వెయ్యి ఇస్తున్నాం, నిజమే. అడిగినదానికి జవాబు వచ్చినట్టే, మనకు ఏమీ తెలియనట్టే. ఇప్పటికే జవాబు చెప్పిన ప్రశ్ననే మళ్లీ అడగకూడదని మీ సభా నియమావళిలోనే రాసి ఉంది. మరి పాత ప్రశ్ననే అడిగినట్టు అవుతోందని మీ ఆఫీసులో ఎవరికీ అనిపించడం లేదా?

లోక్‌సభలో రోజుకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పే నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, రాతపూర్వక ప్రశ్నలు 230 జాబితాకెక్కుతాయి. రాజ్యసభలో 15, 160. నోటీసు పదిహేను రోజుల ముందు ఇవ్వాలి, లోక్‌సభలో ప్రశ్న 150 మాటలు దాటకూడదు, ఎవరి ప్రశ్న ముందో లాటరీ తేలుస్తుంది. అంటే దొరికే ప్రతి అవకాశమూ విలువైనదే. రాతపూర్వక ప్రశ్నకు అనుబంధ ప్రశ్న వేసే వీల్లేదు. మంత్రి కాగితం బల్లమీద పెడతారు, అయిపోతుంది. అందుకే తప్పించుకోవడానికి సందు లేకుండా ముందే రాయాలి.

అలా రాస్తే ఏం జరుగుతుందో మనం చూశాం. 2020 సెప్టెంబరు 14న, లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని ఇదే కార్మిక శాఖ లోక్‌సభకు రాతపూర్వకంగా చెప్పింది. దేశమంతా నివ్వెరపోయింది. అదే వారంలో రాజ్యసభలో ఇంకో ప్రశ్న. ఈసారి వెళ్లింది రైల్వే శాఖకు, అడిగింది శ్రామిక్ రైళ్లలో చనిపోయినవాళ్ల సంఖ్య. జవాబు వచ్చింది: సెప్టెంబరు 9 దాకా 97 మంది. ఒక శాఖ లేదన్న చోట ఇంకో శాఖ అంకె చెప్పాల్సి వచ్చింది. ప్రశ్న చిన్నదైంది, సరైన తలుపు తట్టింది, అంతే.

ఇంకోటి మన తిరుపతిది. 2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని అధికారులే చెప్పారు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న తెలుగువాళ్లెవరూ మర్చిపోలేరు. జూలై 20న రాజ్యసభకు ఆరోగ్య శాఖ ఇచ్చిన జవాబులో, ఆక్సిజన్ కొరతతో మరణాలు సంభవించాయని రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా తెలపలేదని రాశారు. మళ్లీ అడిగారు. కేంద్రం రాష్ట్రాల్ని అడగాల్సి వచ్చింది. ఆగస్టులో వచ్చిన జవాబులో, వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు మే 10న చనిపోయారనీ, ట్యాంకు నుంచి ప్రత్యామ్నాయ సరఫరాకు మారే మధ్యలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గిందనీ ఆంధ్రప్రదేశ్ తెలిపిన సంగతి చేరింది. పోయిన ప్రాణాలు తిరిగి రావు. కానీ అది పార్లమెంటు రికార్డులోకెక్కింది. రేపెవరైనా అలాంటిదేమీ జరగలేదంటే ఆ కాగితం చూపించవచ్చు.

1957లో ఎల్‌ఐసీ డబ్బుతో వ్యాపారి ముంద్రా కంపెనీల వాటాలు కొన్న వ్యవహారం కూడా లోక్‌సభలో ప్రశ్నగానే మొదలై, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా దాకా వెళ్లింది. అంత పెద్ద ఫలితం నేను అడగడం లేదు. ఒక వెయ్యి రూపాయల వెనక ఏం జరిగిందో తెలిస్తే చాలు.

ఏం అడగాలో కూడా చెప్తాను, దయచేసి చనువు అనుకోకండి. కనీస పింఛను ఏటా బడ్జెట్‌లో డబ్బు కేటాయిస్తే 2,000 చేయవచ్చని 2018లో వేసిన ఉన్నతాధికార కమిటీ సిఫార్సు చేసింది. ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. ఇదంతా పార్లమెంటు కాగితాల్లోనే ఉంది. అయితే కార్మిక శాఖ ఆర్థిక శాఖకు ఆ ప్రతిపాదన ఏ తేదీన పంపింది? ఆర్థిక శాఖ ఏ తేదీన కాదంది, ఏ కారణం రాసింది? 2,000కు ఏటా అదనంగా ఎన్ని కోట్లు కావాలని లెక్క వేశారు? ఈ ప్రశ్న కార్మిక శాఖకు ఒకటి, ఆర్థిక శాఖకు ఒకటి, ఒకే వారంలో వేయండి. కాదన్నది ఆర్థిక శాఖ అయినప్పుడు ప్రతిసారీ కార్మిక శాఖనే అడిగి ఏం లాభం?

రెండోది ఆ లోటు సంగతి. నిధిని ఏటా మదింపు చేయాలని పథకంలోనే ఉంది, ఆ మాట జవాబులోనే రాస్తున్నారు. మరి 2024లోనూ 2025లోనూ ఇచ్చిన జవాబుల్లో 2019 మార్చి 31 లెక్కే ఎందుకు ఉంది? ఆ తర్వాతి ఒక్కో సంవత్సరం మదింపు నివేదిక ఏ తేదీన అందింది, లోటు ఎన్ని కోట్లు, అందకపోతే ఎందుకు అందలేదు? నేను జీతాల షీటు ఒక నెల ఆలస్యం చేస్తే మా మేనేజరు ఊరుకునేవాడు కాదు. 78 లక్షల మంది పింఛనుదారుల నిధికి అన్నేళ్ల పాత లెక్క చూపిస్తుంటే ఎవరో ఒకరు గట్టిగా అడగాలి కదా.

మూడోది మన జిల్లాల లెక్క. దేశం మొత్తం మీద ఎంతమంది అని అడిగితే లక్షల్లో ఒక అంకె ఇస్తారు, అది ఎవరికీ అంటదు. గుంటూరు, రాజమహేంద్రవరం, కడప, విశాఖపట్నం, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పీఎఫ్ ఆఫీసుల పరిధిలో 1,000 లోపు ఎంతమంది, సరిగ్గా 1,000 ఎంతమంది, 1,000 నుంచి 1,500 మధ్య ఎంతమంది అని అడగండి. ఈ చివరి వరస ముఖ్యం. మా అక్కలాంటివాళ్లు అందులో ఉంటారు. వెయ్యి చేసినప్పుడు ఏమీ రానివాళ్లు వీళ్లే. వీళ్ల గురించి అడిగిన ప్రశ్న నా ఫైలులో ఒక్కటి కూడా లేదు. బీడీలు చుట్టిన నిజామాబాద్ అక్కచెల్లెళ్లు, జూట్ మిల్లుల్లో చేసినవాళ్లు, సర్కారులో విలీనానికి ముందే రిటైరైన ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, వీళ్లంతా ఏ ఆఫీసు కింద ఎంతమంది ఉన్నారో తేలితే ఒక్కో ఎంపీకి తన నియోజకవర్గం బొమ్మ కళ్లకు కడుతుంది.

అరవై మందీ ఒకే రోజు ఒకే ప్రశ్న వేయమనడం లేదు. పంచుకోండి. ఒకరు తేదీలు అడగండి, ఒకరు డబ్బు అడగండి, ఒకరు జిల్లాల లెక్క అడగండి. పాలక కూటమిలో ఉన్నవాళ్లకు ఇబ్బంది అనిపించవచ్చు. కానీ తేదీ అడగడం, సంఖ్య అడగడం ప్రభుత్వాన్ని తిట్టడం కాదు. ప్రశ్నలో వాదనలు, నిందలు ఉండకూడదని మీ నియమాలే చెప్తున్నాయి. అంకె మాత్రమే అడిగే ప్రశ్న ఏ పార్టీ ఎంపీ అయినా సంతకం పెట్టదగ్గదే.

జవాబు వచ్చాక జరగాల్సింది కూడా చాలా ఉంది. ఎక్కువ ప్రశ్నలు అక్కడే చనిపోతున్నాయి. సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం అని మంత్రి రాస్తే అది హామీ కిందికి వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. దాన్ని చూడటానికి రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి, లోక్‌సభ కమిటీ 1953 నుంచీ ఉంది. మీకు వచ్చిన హామీ ఏమైందో ఆ కమిటీకి ఒక ఉత్తరం రాయడానికి పది నిమిషాలు చాలు. జవాబు సరిగా లేదనిపిస్తే లోక్‌సభలో అరగంట చర్చకు నోటీసు ఇవ్వవచ్చు. రాతపూర్వక జవాబు మీద కూడా ఇవ్వవచ్చు. మన ఎంపీ ఒకరు ఈ పింఛను మీద అరగంట చర్చ తెచ్చారన్న వార్త చదవాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

2013లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ, భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షతన, కనీస పింఛను 3,000 చేయాలని చెప్పింది. 2022 మార్చిలో కార్మిక శాఖ స్థాయీ సంఘం వెయ్యి రూపాయలు ఏమాత్రం సరిపోవని చెప్పింది. పార్లమెంటు కమిటీలే చెప్పిన మాటలు ఇవి. పింఛనుదారులు అడుగుతున్న 7,500, కరువు భత్యం సంగతి వదిలేయండి, కమిటీ చెప్పిన 3,000 సిఫార్సు ఏ ఫైలులో, ఏ దశలో, ఏ తేదీన ఆగిందో అడిగిన ప్రశ్న కూడా నాకు కనబడలేదు.

ఇంకో మాట. జవాబులు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. మా అక్కకు రెండూ రావు. పేపరువాళ్లు రాసే నాలుగు వేళ్ల వార్తలో సగం మీ ఫోటో, సగం ప్రశ్న, జవాబుకు చోటు మిగలదు. మీ ఆఫీసులో ఒకరు కూర్చుని ప్రశ్న, జవాబు యథాతథంగా తెలుగులో రాసి మీ ఫేస్‌బుక్ పేజీలో, నియోజకవర్గ ఆఫీసు గోడ మీద పెట్టిస్తే మేం చదువుకుంటాం. జవాబులో ఏది లేదో మేమే మీకు చెప్తాం. టైమ్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం మాలో చాలామంది ఉన్నాం, లెక్కల్లో లొసుగు మాకు త్వరగా కనిపిస్తుంది.

మీ హక్కు మాకెంత అవసరమో ఇప్పుడు ఇంకా ఎక్కువ తెలుస్తోంది. సమాచార హక్కు చట్టంలో ఒక మంచి వాక్యం ఉండేది: పార్లమెంటుకు, శాసనసభకు ఇవ్వను అనలేని సమాచారాన్ని ఎవరికీ ఇవ్వను అనకూడదని. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ వాక్యాన్ని ఎత్తేసింది. మీకు దొరికేది మాకూ దొరకాలని చట్టంలో రాసి ఉన్న చోటు పోయింది. కాబట్టి మేం అడగలేనిది మీరు అడగాలి.

ప్రతి నవంబరులో మా అక్క లైఫ్ సర్టిఫికెట్ కోసం మీసేవకు వస్తుంది. నేనే తోడు వెళ్తాను. నూలు దారాలు పట్టీ పట్టీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, మెషీన్ ఒక పట్టాన తీసుకోదు. కుర్రాడు వేళ్లకు కొంచెం తడి చేయమంటాడు, ఈ వేలు వద్దు ఆ వేలు పెట్టమంటాడు. నాలుగోసారో ఐదోసారో పడుతుంది. బయటికి వచ్చాక ఆవిడ ప్రతిసారీ ఒకే మాట అంటుంది: "నేను బతికే ఉన్నానని నేను చెప్పాలి, వాళ్లు మాత్రం ఏమీ చెప్పరు."

నా ఫైలులో ఉన్న జవాబులు తేదీల వారీగా పెట్టి, ఏ జవాబులో ఏది దాటవేశారో పక్కన పెన్సిల్‌తో రాసి ఉంచాను. పైన చెప్పిన ప్రశ్నలు ఒక్కోటి 150 మాటలు దాటకుండా తెలుగులో రాసి పెట్టాను, మా అబ్బాయి ఇంగ్లీషులోకి మార్చాడు. మీలో ఎవరైనా సరే, ఏ పార్టీవారైనా సరే, మీ ఆఫీసులో ఎవరికి ఇవ్వాలో ఒక్క కబురు చేయండి. బస్సెక్కి తెచ్చి ఇస్తాను. నోటీసు పదిహేను రోజుల ముందే ఇవ్వాలి కాబట్టి, సమావేశాల తేదీలు ప్రకటించిన రోజే చెప్తే మంచిది.

ఇట్లు,
ఒక ఈపీఎస్-95 పింఛనుదారు,
చిలకలూరిపేట, పల్నాడు జిల్లా